సైకిలు యాత్ర - మంచినీటి బావి

దాహమైనప్పుడు బావి తవ్వినట్టు అని మనవాళ్ళు ఎగతాళిగా అంటారు. కాని, ఎక్కడో దూరదేశంలో ఎవరికో దాహమైతే, తమ ఊళ్ళో సైకిలెక్కి బావి తవ్వించేవాళ్ళు కూడా ఈ లోకంలో ఉన్నారు. బ్రిటన్, అమెరికా వంటి దేశాలలో ఇది బాగా అలవాటైన పద్ధతి. ఒకరు వందల మైళ్ళు తొక్కుతామని పూనుకుంటారు. బంధువులు, స్నేహితులు మైలుకింత అనో, యాత్ర మొత్తానికింత అనో చందా వేస్తారు. ఆ సొమ్ము ఆసియా, ఆఫ్రికా పల్లెల్లో మంచినీటి పనులు చేసే సంస్థలకు చేరుతుంది. 1981లో బ్రిటన్‌లో మొదలైన వాటర్ ఎయిడ్ అటువంటి సంస్థల్లో ఒకటి.

ఉద్దేశం గొప్పదే. చెరువునీళ్ళలో, వాగునీళ్ళలో కలరా, టైఫాయిడ్, విరేచనాలు తెచ్చే క్రిములుంటాయి. భూమి పొరల్లోంచి వడగట్టుకుని దిగిన నీటిలో అవి చాలా తక్కువ. అందుకే బోరువేసి, చుట్టూ సిమెంటు గచ్చు కట్టి, చేతిపంపు బిగిస్తారు. అయితే బోరు పడగానే పని అయిపోయినట్లేనా? బోరు మీద బతికే రైతు ఇంట్లో పుట్టిన నాకు ఈ సందేహం రాక తప్పదు.

ముందు పంపు సంగతి చూద్దాం. మన పల్లెల్లో బోరింగు అని పిలిచే ఇండియా మార్క్ 2 పంపు, 1970 దశకంలో యూనిసెఫ్ తోడ్పాటుతో మనదేశంలోనే రూపొందింది. ఆఫ్రికా దేశాల్లో కూడా ఇది విరివిగా ఉంది. దీని తల విప్పి చూస్తే సైకిలు గుర్తుకొస్తుంది. లోపల గొలుసుంది, బాల్ బేరింగులున్నాయి. పిడిని కిందికి నొక్కితే గొలుసు ఇనుపకడ్డీని పైకి లాగుతుంది. అడుగునున్న సిలిండరులో వాషరు నీటిని పైకెత్తుతుంది. పిడి వదిలితే కడ్డీలు తమ బరువుకే కిందికి దిగుతాయి. గొలుసుకు గ్రీజు పెట్టకపోయినా, వాషరు అరిగిపోయినా ఇక నీళ్ళు రావు. మార్క్ 2లో వాషరు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాలి. తర్వాత వచ్చిన మార్క్ 3లో గొట్టం వెడల్పు చేశారు. దాంతో గొట్టాలు కదపకుండానే పిస్టను బయటికి తీయవచ్చు, ఊరివాళ్ళే బాగుచేసుకోవచ్చు.

ఇది చిన్న విషయం కాదు. 2009 ప్రాంతంలో వేసిన ఒక అంచనా ప్రకారం, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో ఇంచుమించు ప్రతి మూడు చేతిపంపుల్లో ఒకటి మూలపడి ఉంది. ఎవరో చెమటోడ్చి కూడబెట్టిన డబ్బు అక్కడ తుప్పు పడుతున్నదన్నమాట!

ఇక నీటి సంగతి. బంగ్లాదేశ్‌లో రోగాలు తగ్గించాలని 1970 దశకం నుంచి లక్షలాది గొట్టపుబావులు వేశారు. 1993లో ఆ నీటిలో ఆర్సెనిక్ విషం ఉందని తేలింది. అది మనిషి కలిపిన విషం కాదు, మట్టిపొరల్లో సహజంగా ఉన్నదే నీటిలోకి దిగింది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినా పోదు. ఏళ్ళ తరబడి తాగితే చర్మం గట్టిపడి మచ్చలేర్పడతాయి, కేన్సరు రావచ్చు. చివరికి సుమారు 50 లక్షల బావులు పరీక్షించి, ప్రమాదమైనవాటికి ఎర్రరంగు, మంచివాటికి పచ్చరంగు పూశారు. పరీక్ష ముందే జరిగివుంటే ఎంతమంది బతుకులు బాగుపడేవో!

అంత దూరం పోనక్కరలేదు. మన నల్లగొండ పల్లెల్లో బోరునీటి ఫ్లోరైడు ఎందరి పళ్ళను, ఎముకలను పాడుచేసిందో మనకు తెలుసు. పటిక, సున్నం వాడి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. మేలు చేయబోయే ఏ ఊరిలోనైనా తవ్వకముందూ తవ్వినతర్వాతా నీటిని పరీక్షించాలన్నది ఈ రెండుచోట్లా నేర్చుకున్న పాఠం.

మిత్రులారా! రేపు మనమూ ఇటువంటి యాత్రకు పూనుకోవచ్చు, చందా ఇవ్వవచ్చు. తప్పక ఇద్దాం. కాని ఎన్ని బావులు తవ్వారని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. నీరు పరీక్షించారా? వాషరు మార్చే మనిషి ఆ ఊళ్ళో ఉన్నాడా? ఆ వాషరు దగ్గరి బజారులో దొరుకుతుందా? అయిదేళ్ళ తర్వాత ఎవరైనా వెళ్ళి చూస్తారా? ఈ నాలుగూ అడుగుదాం. సైకిలు యాత్ర నాలుగు రోజుల్లో ముగుస్తుంది. ఆ ఊరి ఆడవాళ్ళు మాత్రం ప్రతి ఉదయం బిందె పట్టుకుని ఆ పంపు దగ్గరికి రావాలి కదా!