మన దీపం మనకు కనబడదు

పాత కారున్నవాడికి వేరే కాలక్షేపం అక్కర్లేదని మా ఆవిడ అంటూంటుంది. నిజమే. మా నాన్నగారు నాకు మారేడ్‌పల్లిలో ఒక పెంకుటిల్లూ, పెరట్లో ఒక మామిడిచెట్టూ, చెట్టు కింద ఒక ప్రీమియర్ పద్మినీ ఇచ్చి వెళ్ళారు. పెంకుటిల్లు పోయి మేడ వచ్చింది. మామిడిచెట్టు గాలివానకు కూలింది. పద్మిని మాత్రం నిలిచింది. 1964 లో ఫియట్ 1100 డిలైటు పేరుతో మన దేశంలో వచ్చి, తర్వాత పద్మినిగా పేరు మార్చుకున్న ఆ బండ్లు 2001 నాటికే ఫ్యాక్టరీనుంచి రావటం మానేశాయి. మా బండి ఆ సంగతి తెలియనట్టే నడుస్తున్నది.

ఇంజనంటే నాకు ప్రాణం. నూనె చూస్తాను, నీళ్ళు పోస్తాను, చిన్న మోత వినిపించినా చెవి రిక్కిస్తాను. లైట్ల సంగతి మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు. ముందు దీపాలు వెలుగుతున్నాయి, దారి కనబడుతున్నది, ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి.

రెండేళ్ళ క్రిందట ఒక సాయంత్రం ఆ ధీమా కాస్తా వదిలింది. రాణీగంజి దాటి టాంక్‌బండ్ వైపు పోతున్నాను. సన్నగా తుంపర పడుతున్నది. కర్బలా మైదానం దగ్గర ముందున్న బస్సు ఆగింది. నేనూ బ్రేకు తొక్కాను. మరుక్షణం వెనక ధన్‌మని చప్పుడు! దిగి చూద్దును గదా, స్కూటరు పడివుంది. దాన్ని నడిపినాయన తను లేవకముందే తన కూతుర్ని లేవదీస్తున్నాడు. ఆరేడేళ్ళ పిల్ల. మోకాలు గీసుకుపోయింది. అదృష్టవశాత్తూ అంతకుమించి ఏమీ కాలేదు.

"చూసుకుని రావద్దుటయ్యా!" అనబోయాను. ఆయనే ముందు అన్నాడు: "మీ బ్రేకు లైటు వెలగలేదండీ. మీరు ఆగారని నాకెలా తెలుస్తుంది?"

ఇంకేమంటాను? పక్కనున్న మందుల షాపులో పిల్లకు కట్టు కట్టించి, ఇద్దరినీ ఇంటిదగ్గర దింపి వచ్చాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు రాణీగంజిలో నాకు తెలిసిన మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన వెనక ఎర్ర అద్దం విప్పి, బల్బు తీసి నా చేతిలో పెట్టాడు. ఈ బల్బులో రెండు తీగలుంటాయి. 5 వాట్లది రాత్రిళ్ళు ఎప్పుడూ వెలిగేది. 21 వాట్లది బ్రేకు తొక్కినప్పుడు వెలిగేది. మా బండిలో రెండోది తెగిపోయింది. మొదటిది వెలుగుతూనే ఉంది గనక, ఇంటిముందు నిలబెట్టి చూసినా అంతా సవ్యంగానే ఉన్నట్టు కనబడేది!

బల్బు మార్చటం బ్రహ్మవిద్యేమీ కాదు. స్విచ్చి కట్టెయ్యాలి. బల్బు చల్లారనివ్వాలి. గుడ్డతో పట్టుకుని లోపలికి నొక్కి, కాస్త తిప్పితే ఊడివస్తుంది. కొత్తది పెట్టేటప్పుడే జాగ్రత్త. రెండు తీగల బల్బు గొంతుకు అటూ ఇటూ ఉన్న మేకులు ఒకే ఎత్తులో ఉండవు. ఒకే తీరున దూరాలని అలా పెట్టారు. బలవంతాన తిరగేసి దూర్చారా, బ్రేకు వెలుగు ఎప్పుడూ వెలుగుతూ, తీరా బ్రేకు తొక్కినప్పుడు తెలిసీ తెలియనట్టుంటుంది.

"కొత్త బల్బు వేసినా వెలగకపోతే?" అని అడిగాను.

"బల్బును తిట్టకండి సార్. తుప్పును చూడండి" అన్నాడు మేస్త్రీ.

కారులో కరెంటు తీగవెంట వచ్చి, బండి ఇనుప ఒంటిగుండానే బ్యాటరీకి తిరిగిపోతుంది. దాన్నే ఎర్తు అంటారు. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి బిరుసెక్కితే వానకాలంలో నీరు చేరుతుంది. హోల్డరు తుప్పుపడుతుంది. అప్పుడు దీపం మినుకుమినుకుమంటుంది. బ్రేకు తొక్కితే పక్కనున్న ఇండికేటరు కూడా వింతగా వెలుగుతుంది. గరుకు కాగితంతో హోల్డరునూ, ఎర్తు తగిలేచోటునూ తళతళలాడేటట్టు రుద్ది, రబ్బరు మార్చితే చాలా జబ్బులు ఇట్టే నయమౌతాయి. ఇండికేటరు టకటకల లయ తప్పిందంటే మాత్రం ఏదో ఒక బల్బు పోయివుంటుందని మొదట అనుమానించాలి.

ముందు దీపానికి హాలోజన్ బల్బు వేసుకున్నవారు దాని గాజును వేళ్ళతో ముట్టుకోకూడదు. వేలిజిడ్డు అంటినచోట గాజు వేడెక్కి, బల్బు త్వరగా చస్తుంది. మామూలు 60/55 వాట్లది చాలదని 100 వాట్లది తగిలించే సరదా కూడా మంచిది కాదు. పాత తీగలూ, పాత స్విచ్చీ ఆ వేడికి ఓర్చుకోలేవు. పైగా ఎదురుగా వచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి.

డబ్బిస్తూ, ఇంతకాలం ఈ లైటు సంగతి నాకెందుకు తట్టలేదో అన్నాను. మేస్త్రీ నవ్వాడు. "మీకెలా తడుతుంది సార్? ఈ లైటు మీకోసం కాదుగదా, వెనకొచ్చేవాడికోసం."

అప్పటినుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం సాయంత్రం నేను కారులో కూచుంటాను. మా మనవరాలు వెనక, గుమ్మంమెట్టుమీద నుంచుంటుంది. నేను ఒక్కొక్క స్విచ్చే వేస్తాను. "కుడిది వెలిగింది! ఎడమది వెలిగింది!" అని అది అరుస్తుంది. ఆఖరున బ్రేకు తొక్కుతాను. ఒక విడి బల్బు, ఒక ఫ్యూజు, గరుకు కాగితం ముక్క డిక్కీలో ఎప్పుడూ ఉంటాయి. అంతా కలిపి అయిదు నిమిషాల పని.

"ఇరుగుపొరుగు నవ్వుతున్నారండీ, తాతామనవరాళ్ళ దీపావళి అని" అంటుంది మా ఆవిడ.

నవ్వనివ్వండి. మొన్న ఆదివారం బ్రేకు తొక్కి, "ఏం కనబడుతున్నదే?" అని అడిగాను.

"నువ్వు ఆగావని కనబడుతోంది తాతయ్యా!" అంది.

ఆ మాట స్కూటరాయన పిల్లకూ వినిపిస్తే బాగుండుననిపించింది.