ఉబ్బసం ఉన్నవారు ప్రాణాయామం ఎలా చేయాలి?

మృగశిర కార్తె వస్తోందంటే ఉబ్బసం ఉన్నవారికి హైదరాబాద్ పాతబస్తీలోని దూద్‌బౌలి గుర్తొస్తుంది. అక్కడి బత్తిని కుటుంబం 1845 నుంచి ఉబ్బసానికి మందుగా చేపప్రసాదం పంచుతోందని చెబుతారు. ఇప్పుడా పంపిణీ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతోంది. అది ఏడాదికోసారి. ప్రాణాయామం మాత్రం రోజూ ఇంట్లోనే చేసుకోవచ్చు. అందుకే దాని మీదా చాలామందికి ఆశ ఉంది. ఆ ఆశ తప్పు కాదు, కానీ ప్రాణాయామాలన్నీ ఒకటి కావు.

ఉబ్బసంలో శ్వాసనాళాల (ఊపిరితిత్తుల్లోకి గాలిని చేర్చే గొట్టాల) లోపలి పొర వాస్తుంది. చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది. కఫం పేరుకుంటుంది. గాలి పీల్చేటప్పుడు ఛాతీ విచ్చుకుని నాళాలు కొంత తెరుచుకుంటాయి. వదిలేటప్పుడు ఇంకా ఇరుకవుతాయి. పిల్లికూతలు ఎక్కువగా అప్పుడే వినిపిస్తాయి. పాత గాలి పూర్తిగా పోకముందే కొత్త గాలి చేరుతుంది. ఆయాసం అక్కడే మొదలవుతుంది.

కపాలభాతి, భస్త్రికల్లో శ్వాస వేగంగా, బలంగా సాగుతుంది. ముక్కులో గాలి వెచ్చబడి తేమ పట్టేంత వ్యవధి ఉండదు. పొడిగాలి తగిలితే నాళాలు బిగుసుకోవచ్చు. కుంభకం (ఊపిరి బిగబట్టడం) ఇప్పటికే ఆయాసపడుతున్న మనిషిని ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఉబ్బసం అదుపులో లేనివారు ఈ మూడింటి జోలికి పోకూడదు.

ముక్కుతో నెమ్మదిగా పీల్చి, అంతకంటే కాస్త ఎక్కువసేపు వదలడం మేలు. భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం) ఇలాంటిదే. మొదట ఐదు నిమిషాలు చాలు. దగ్గు గానీ ఆయాసం గానీ వస్తే వెంటనే ఆపాలి. గల్లీలో బండ్ల పొగ తగ్గిన వేళ కూర్చోండి. ఆ గదిలో అగరబత్తి, సాంబ్రాణి, లోబాన్ వెలిగించకండి. భక్తితో వేసిన ధూపమైనా వాచిన నాళాలకు అది పొగే.

ఫలితం ఎంత? 2016లో కోక్రేన్ సంస్థ 1,048 మంది పాల్గొన్న 15 అధ్యయనాలను సమీక్షించింది. యోగాతో లక్షణాలు, రోజువారీ జీవితం కొద్దిగా మెరుగవుతాయని తేల్చింది. మందులు మానేయవచ్చని మాత్రం చెప్పలేదు. రోజూ వాడే ఇన్‌హేలర్ లోపలి వాపును తగ్గిస్తుంది. ప్రాణాయామం ఆ పని చేస్తుందని రుజువు కాలేదు. కొంచెం తేలికపడగానే ఇన్‌హేలర్ మానేస్తే వాపు చప్పుడు లేకుండా తిరిగొస్తుంది.

మొదలుపెట్టే ముందు మీ డాక్టరుకు చెప్పండి. వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్‌ను చేతికందేలా పెట్టుకుని కూర్చోండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఇన్‌హేలర్ వాడుతూనే 108కి ఫోన్ చేయండి.