తెంచుకోగలిగే ముడి

స్కూబా డైవింగ్‌లో కెమెరాను దేనికి కట్టాలి, ఎలా కట్టాలి, ఎప్పుడు వదిలేయాలి?

2018 మార్చిలో తైవాన్‌లోని సూఆవ్ రేవు దగ్గర బడిపిల్లలు సముద్రపు ఒడ్డున చెత్త ఏరుతున్నారు. ఒక పిల్లాడికి గుల్లలు దట్టంగా పట్టేసిన ముద్ద ఒకటి దొరికింది. పాడైపోయిన కెమెరా అయ్యుంటుందనుకున్నారు. గుల్లలు గీకి చూస్తే నీరు చొరని ప్లాస్టిక్ హౌసింగ్ బయటపడింది. అది తెరిస్తే లోపలి కెమెరా పొడిగా ఉంది. బటన్ నొక్కగానే వెలిగింది. బ్యాటరీలో ఇంకా చార్జింగ్ ఉంది!

ఎవరివో ఫొటోలు మనం చూడొచ్చా అని పిల్లలు ముందు మాట్లాడుకున్నారట. ఈ కథలో నాకు చాలా నచ్చిన సంగతి అదే. చివరికి, సొంతదారును వెతకాలంటే చూడక తప్పదని తేల్చుకుని, వాళ్ల టీచరు కొన్ని ఫొటోలను ఫేస్‌బుక్‌లో పెట్టారు. అది టోక్యోలో చదువుకునే ఒక విద్యార్థిని కెమెరా. 2015 సెప్టెంబరులో జపాన్‌లోని ఇషిగాకి దీవి దగ్గర డైవింగ్ చేస్తుండగా పోయింది. రెండున్నరేళ్లపాటు సముద్రంలో ఉండి, రెండు వందల కిలోమీటర్లకు పైగా కొట్టుకొచ్చింది.

ఎలా పోయింది? తోటి డైవరు సిలిండర్‌లో గాలి అయిపోవచ్చింది. ఆ హడావిడిలో కెమెరా చెయ్యి జారింది. చెయ్యి జారడమే మంచిదైందని నేనంటాను.

వేసవి సంచికకు స్కూబా మీద కథనం కావాలి, గురువారం సాయంత్రానికల్లా అందాలి అని ఎడిటర్‌గారు పురమాయించారు. కడియంలో ఉండేవాణ్ని మామూలుగా నర్సరీల గురించే అడుగుతారు. రుషికొండ, మంగమారిపేట, చింతపల్లి అంటూ మన తీరంలో డైవర్లు దిగే చోట్ల గురించి చెప్పుకొంటూ పోవచ్చు. రంగురంగుల చేపల గురించీ రాయొచ్చు. ఆ ఫొటోలు ఇప్పటికే అందరి ఫోన్లలో ఉన్నాయి. అవి తీసిన కెమెరాకు కట్టిన మూరెడు తాడు గురించి మాత్రం ఎవరూ రాయడం లేదు. నా మనసు దాని మీదే ఆగిపోయింది.

నీటి అడుగున చెయ్యి వదిలితే కెమెరా పోయే దారులు రెండే. పైకి తేలిపోతుంది, లేదా కిందికి మునిగిపోతుంది. రెండిటిలోనూ అసలు ప్రమాదం దాని వెంటపడటమే. కిందికి పోయే కెమెరా కోసం దిగితే లోతు లెక్క తప్పుతుంది. మొదటి స్థాయి శిక్షణ పొందినవాళ్ల హద్దు 18 మీటర్లు. పైకి పోయేదాన్ని అందుకోబోతే ఇంకా ముప్పు. పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలం మీదకన్నా రెట్టింపు. అక్కడ గుండెలనిండా పీల్చిన గాలిని బిగబట్టి పైకొస్తే అది రెట్టింపు చోటు అడుగుతుంది, ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకే నిమిషానికి 9 మీటర్లు మించకుండా మెల్లగా పైకి రమ్మంటారు. చెయ్యి వదిలితే మెల్లగా మునిగేంత బరువుండేలా కెమెరాను సరిచేసుకోవడం మేలు. తేలే పిడి పైపైన ఈదేవాళ్లకు బాగుంటుంది. లోతుకు దిగేవాళ్ల చేతిని అది అస్తమానం పైకి లాగుతూనే ఉంటుంది.

ఇక తాడు. ఎక్కువమంది వాడేది టెలిఫోన్ తీగలా చుట్టలు తిరిగిన ల్యాన్యార్డ్. ఒక కొస కెమెరాకు, రెండో కొస డైవర్లు తొడిగే జాకెట్ భుజం మీద పట్టీకి కుట్టేసిన డీ-రింగ్‌కు. మధ్యలో నొక్కితే విడిపోయే క్లిప్ ఉంటుంది. దాన్ని విడదీస్తే ఫొటో తీసేటప్పుడు తాడు సాగుతుంది, తీశాక మళ్లీ బిగిస్తే ఛాతీకి దగ్గరగా వచ్చేస్తుంది. వేలాడుతూ అడుగున రాళ్లకూ పగడాలకూ తగలదు.

డైవర్లలో గుహల్లోకి వెళ్లేవాళ్లు పాటించే నియమం ఇంకొకటి ఉంది. ఇనుముకు ఇనుము నేరుగా తగిలించరు. కెమెరా పిడికి ఉన్న లోహపు రింగుకు కొక్కేన్ని అలాగే తగిలిస్తే, ఉప్పుకు తుప్పు పట్టి బిగుసుకుపోయిందంటే నీటి అడుగున దాన్ని విప్పే దారి లేదు. అందుకే మధ్యలో సన్నని నైలాన్ తాడుతో ముడి వేస్తారు. కొక్కెం మొరాయిస్తే చాకుతో ఆ తాడు కోసేస్తారు. కెమెరా పోతుంది, మనిషి మిగులుతాడు. కడియపులంకలో అంటుమొక్కను అరటినారతో కర్రకు కట్టేవాళ్లను చూడండి. కర్ర దగ్గర బిగువు, కాండం దగ్గర వదులు. కెమెరా తాడు కూడా అంతే, వస్తువు వైపు గట్టిగా ఉండాలి, ప్రాణం వైపు విడిపోవాలి.

కొక్కేల్లోనూ మంచీ చెడూ ఉన్నాయి. కొండలెక్కేవాళ్లు వాడేలాంటిది నొక్కితే లోపలికి తెరుచుకుంటుంది. వలతాడో గాలపు తీగో దానికి ఒత్తుకుంటే అదే తెరుచుకుని తీగను మింగేస్తుంది. మన తీరంలో తెగిపడిన వలలకు కొదవ లేదు. బొటనవేలితో పిన్ను వెనక్కి లాగితే గానీ తెరుచుకోని బోల్ట్ స్నాప్ నయం.

ఒక్క మణికట్టు దారాన్ని నమ్ముకోవడం నాకు నచ్చదు. తోటివాడికి గాలి అందించాల్సి వస్తే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఇషిగాకి సంఘటన గుర్తుంచుకోండి. శిక్షణ లేకుండా సరదాగా తొలిసారి దిగేవాళ్లకు కెమెరా కర్ర చేతికివ్వడం నాకు అసలే ఇష్టం లేదు. పన్నెండు మీటర్లలోపు ఆ కాసేపూ ఊపిరి తీయడం, వదలడం, చెవులు సర్దుకోవడమే వాళ్లకు చేతినిండా పని. ఫొటోలు వెంట వచ్చే శిక్షకుడు తీస్తే చాలు.

నీటి అడుగు కెమెరాల చరిత్ర క్లుప్తంగా. 1893లో ఫ్రాన్స్‌లో లూయీ బుటాన్ నీటి అడుగున ఫొటోలు తీశాడు. 1926లో ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ రంగుల్లో తీశారు. 1943లో కూస్తో, గాన్యాన్ నీటి అడుగున ఊపిరి తీసుకునే ఆక్వాలంగ్ పరికరం తెచ్చారు. 1963లో నీటి అడుగున వాడే నికోనాస్ కెమెరా వచ్చింది, 2001లో ఆగింది. 2004లో వచ్చిన తొలి గోప్రో మణికట్టుకు కట్టుకునే ఫిల్మ్ కెమెరా. సర్ఫింగ్ చేసే నిక్ వుడ్‌మన్ మొదట తయారు చేయాలనుకున్నది పట్టీనే. దానికి తగిన కెమెరా దొరక్క కెమెరా కూడా చేశాడు.

దేనికి కడుతున్నామన్నది ముడికన్నా ముఖ్యమని మన గోదావరి గట్టున ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు 77 మందితో మునిగింది. బయటపడ్డవాళ్లు 26 మందే. ఆ వరద బురదలో కెమెరా కంటికి ఏమీ ఆనదు, సోనార్‌తో వెతికారు. కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగరు వేసి లాగితే ఒకసారి రెయిలింగ్ మాత్రం ఊడి వచ్చింది. విశాఖ డైవర్లు అడుగుకు దిగి బోటుకే తాడు బిగించాక, అక్టోబరు 22న అది ఒడ్డుకు చేరింది. జాకెట్ జేబు జిప్పుకో, గాలి గొట్టానికో కెమెరా తగిలించేవాళ్లను చూస్తే నాకు ఆ రెయిలింగ్ గుర్తొస్తుంది. బరువుల బెల్టుకైతే అసలు కట్టకూడదు. ఆపదలో మొదట విప్పి పడేయాల్సింది ఆ బెల్టునే.

దిగేటప్పుడు

కెమెరాతో పడవ మీంచి దూకొద్దు. ముందు మీరు దిగి, జాకెట్‌లో గాలి నింపుకుని, పడవలో ఉన్నవాళ్లను అందించమనండి. చేతికి రాగానే కొక్కెం తగిలించుకున్నాకే కిందికి. ఎక్కేటప్పుడు ముందు కెమెరా పైకి, తర్వాత మీరు. గోప్రో కొత్త మోడళ్లు చాలావరకు విడిగా 10 మీటర్ల వరకే ఆగుతాయి. కంపెనీ హౌసింగ్‌లో పెడితే 60 మీటర్లు. హౌసింగ్ మూసేముందు రబ్బరు రింగు మీద వెంట్రుకగానీ ఇసుక రేణువుగానీ ఉందేమో వేలితో తడిమి చూడాలి. లోపలికి నీరు వచ్చేది ఆ సందులోంచే.

ఒడ్డుకొచ్చాక

హౌసింగ్ తెరవకుండా కొంతసేపు మంచినీళ్ల బకెట్‌లో ఉంచండి. కొక్కెం, ల్యాన్యార్డ్ కూడా అందులోనే. నీళ్లలో ఉండగానే బటన్లన్నీ నాలుగైదుసార్లు నొక్కి వదలాలి, ఉప్పు గడ్డకట్టేది వాటి కిందే. నైలాన్ తాడు అంచు పీచు లేచి ఉంటే ఆ రోజే కొత్తది కట్టేసుకోండి.