పాత ఇంజను: మరమ్మతా? మార్పా?

బీజాపూర్, భోపాలపట్నం ప్రాంతపు సంతలకు పాత డీజిలు జీపు నడుపుకొను సోదరులారా! పొగ వచ్చినంతనే ఇంజను మార్పుకు తొందరపడవద్దు. నల్లపొగ అయినచో తరచుగా లోపం ఎయిర్ ఫిల్టరులోనో, నాజిళ్లలోనో ఉండును, ఖర్చు స్వల్పం. నీలిపొగ ఆయిలు మండుటకు గుర్తు. కంప్రెషన్ పరీక్ష చేయించవలెను. రింగులు, బోరు అరిగినచో సాధారణంగా మరమ్మతు చాలును. బ్లాకు బాగుచేయ వీలులేనంతగా పగిలినచో మార్పే దారి. రెండింటి అంచనాలను వ్రాయించుకొని, బాడీ, గేరుబాక్సు ఎంతకాలం మన్నునో కూడ చూచుకొనవలెను.

ఇంజనుతో నంబరు మారును. ముందుగా రవాణా కార్యాలయపు అనుమతి, బాకీ ఉన్నచో బ్యాంకు అంగీకారం పొందవలెను. అనుమతి లేక మార్చినచో 1988 మోటారు వాహనాల చట్టం మేరకు 14 రోజులలోగా తెలుపవలెను. నంబరు కలవనిచో బీమాకు, అమ్మకానికి చిక్కు.

షెడ్డులో జీపు ఆగినను వాయిదా ఆగదు. లెక్క వేసిన పిదపనే ఇంజను దింపించండి.