ముద్దాయి పక్కన ఒక విద్యార్థి

“నేరం చేసినవాళ్ల కోసం జైళ్ల చుట్టూ తిరగడానికా మన అమ్మాయి న్యాయశాస్త్రం చదువుతున్నది?” లా చదివే పిల్లలున్న ఇళ్లలో ఇటువంటి ప్రశ్న తలెత్తడం సహజం. ఒకరింటి సంగతి మరొకరికి తెలిసే నందికొట్కూరు వంటి పట్టణంలో ఆ ప్రశ్నకు బరువు ఇంకా ఎక్కువ. దాన్ని తేలికగా తోసిపుచ్చడం సరికాదు. సమాధానం చెప్పవలసిందే.

భారత బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల న్యాయవిద్యలో కనీసం 12 వారాలు, అయిదేళ్ల న్యాయవిద్యలో కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. పెద్ద నగరాల్లోని న్యాయవాద సంస్థల్లోనో, కంపెనీల్లోనో ఆ వారాలు గడపాలని చాలామంది విద్యార్థులు కోరుకుంటారు. అందులో తప్పు లేదు. కాని వాటిలో నాలుగు వారాలనైనా న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల కోసం వెచ్చిస్తే, విద్యార్థి నేర్చుకునేదీ, ఒక కుటుంబానికి కలిగే మేలూ వెలకట్టలేనివి.

మన రాజ్యాంగంలోని 39ఏ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. 1979లో సుప్రీంకోర్టు ఈ బాధ్యతకు ప్రాణం పోసింది. విచారణ పూర్తి కాకుండానే ఏళ్ల తరబడి బీహారు జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి దాఖలైన ఆ కేసు హుస్సైనారా ఖాతూన్ అనే ఖైదీ పేరుతో చరిత్రకెక్కింది. సత్వర విచారణ, ఉచిత న్యాయ సహాయం జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం ప్రకటించింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబర్ 9న అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు. 2022లో వచ్చిన పథకం కింద, ముద్దాయిల తరఫున పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ జిల్లాల్లో ఏర్పడింది. అందులోని న్యాయవాదులు ప్రైవేటు కేసులు చేపట్టరాదు.

మరి విద్యార్థి చేయగలిగేదేమిటి? 2022 చివరినాటికి మన దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ వీరికి ఒక దారి చూపుతున్నది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారు, తమపై మోపిన నేరానికి విధించదగిన గరిష్ఠ శిక్షలో మూడింట ఒక వంతు కాలం నిర్బంధంలో గడిపితే విడుదలకు అర్హులవుతారు. ఇతరుల విషయంలో ఇది సగం. మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు, ఒకటికి మించిన కేసులు పెండింగులో ఉన్నవారికి ఇది వర్తించదు. ఈ లెక్క వేయడానికి గొప్ప వాదనా పటిమ అక్కరలేదు. రిమాండు తేదీ, సెక్షన్లు, గడచిన రోజులు ఓపికగా ఒక కాగితం మీద రాసి న్యాయవాది ముందుంచే మనిషి కావాలి. ఆ మనిషి ఒక విద్యార్థి కావచ్చు.

మన రాయలసీమ పల్లెల్లో గొడవ జరిగితే ఫిర్యాదులో పదిహేను, ఇరవై పేర్లు చేరడం కొత్త కాదు. చట్టవిరుద్ధంగా గుమిగూడారన్న సెక్షన్ కింద అందరూ ఒకే నేరానికి బాధ్యులవుతారు. ఆ రోజు ఊళ్లో లేనివాడి పేరు కూడా ఆ వరుసలో ఉండవచ్చు. బస్సు టిక్కెట్టు, కూలి హాజరు పుస్తకం, ఆసుపత్రి చీటీ వంటి చిన్న ఆధారాలే అప్పుడు ప్రాణాధారాలు. వాటిని సకాలంలో వెదకి భద్రపరచకపోతే అవి మళ్లీ దొరకవు.

శిక్ష పడిన తరువాతి దశ ఇంకా కష్టమైనది. సెషన్స్ కోర్టు తీర్పుపై హైకోర్టులో అప్పీలు చేసుకోవడానికి సాధారణంగా గడువు 60 రోజులు. మరణశిక్షకు 30 రోజులే. నందికొట్కూరు ప్రాంతపు కుటుంబం తమవాణ్ణి చూడడానికి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి కడప కేంద్ర కారాగారానికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీలు అదనం. 2019 జనవరి 1 నుండి హైకోర్టు ఉన్న అమరావతి మరో దిక్కు. తీర్పు ఆంగ్లంలో ఉంటే ఇంట్లో చదివి చెప్పేవారుండరు. ఈ లోపల గడువు కరిగిపోతుంది.

జైలుశిక్ష పడినవారికి తీర్పు ప్రతిని ఉచితంగా ఇవ్వాలనీ, అప్పీలుకు న్యాయ సహాయం అందించాలనీ 1978లోనే హోస్కాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖైదీ తన అప్పీలును జైలు అధికారి ద్వారానే పంపుకోవచ్చు. గడువు దాటినా తగిన కారణం చూపి మన్నింపు కోరవచ్చు. హక్కులున్నాయి, ఉన్నాయని చెప్పేవారే తక్కువ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కళాశాలలో ఆంగ్లం మాట్లాడే మన పిల్లలకు ఇక్కడ ఒక ప్రత్యేక యోగ్యత ఉన్నది. ఆంగ్ల తీర్పును ఆ తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పగలరు. తెలుగులోని సాక్ష్యాలను హైకోర్టు కోసం ఆంగ్లంలోకి అనువదించడంలో న్యాయవాదికి తోడ్పడగలరు.

ఈ శ్రమ ఎంత విలువైనదో తెలియాలంటే మన రాష్ట్రంలోనే జరిగిన ఒక విషాదాన్ని తలచుకోవాలి. 2007 డిసెంబర్‌లో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో, హాస్టల్‌లో ఉండి బి.ఫార్మసీ చదువుకుంటున్న ఒక ముస్లిం యువతి దారుణ హత్యకు గురైంది. 2008లో ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010 సెప్టెంబర్‌లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. అతడు అసలు దోషి కాడని మృతురాలి తల్లిదండ్రులే బహిరంగంగా చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా యౌవనం జైలు గోడల మధ్య గడచిపోయింది. తరువాత హైకోర్టు ఆదేశంతో సీబీఐ దర్యాప్తు మళ్లీ మొదలయింది.

ఈ కేసు మన తొలి ప్రశ్నకు జవాబు చెబుతున్నది. నిర్దోషికి శిక్ష పడితే అన్యాయం ఇద్దరికి జరుగుతుంది. ఒకరు జైలుకు వెళ్లినవాడు. మరొకరు బిడ్డను పోగొట్టుకున్న తల్లి. తప్పుడు మనిషి పట్టుబడిన ప్రతి కేసులో అసలు హంతకుని జాడ చల్లారిపోతుంది. కనుక ముద్దాయి పక్షాన సాక్ష్యాన్ని నిగ్గు తేల్చేవాడు బాధితుల శత్రువు కాడు.

1992లో న్యూయార్క్‌లోని కార్డోజో న్యాయ కళాశాలలో బారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ ప్రారంభించిన ఇన్నోసెన్స్ ప్రాజెక్టులో విద్యార్థులు పాత కేసుల కాగితాలు తిరగేశారు. డీఎన్ఏ పరీక్షల సాయంతో ఎందరో నిర్దోషులు బయటపడ్డారు. మన దేశంలో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థుల తోడ్పాటుతో మరణశిక్ష పడిన ఖైదీలను కలిసి, 2016లో నివేదిక వెలువరించింది. ఆ ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఆర్థికంగా బలహీనులని అందులో తేలింది.

ధర్మం ఏమంటుందన్న సందేహం మిగిలి ఉన్నది. మదీనాలో ఒకడు తాను చేసిన దొంగతనాన్ని ఒక యూదునిపైకి నెట్టిన సందర్భంలో నిసా సూరాలోని 105వ ఆయతు నుండి కొన్ని ఆయతులు అవతరించాయని వ్యాఖ్యాతలు వివరించారు. ద్రోహుల పక్షాన వాదించవద్దని అవి హెచ్చరిస్తున్నాయి. తన పాపాన్ని నిరపరాధిపై మోపడాన్ని ఘోరమైన అపనిందగా ఖండిస్తున్నాయి. ఆనాడు నిర్దోషిగా తేలినవాడు ముస్లిం కాడు. నింద మోపినవాడు ముస్లింలలోనివాడిగా చలామణి అయినవాడు. అబద్ధాన్ని సమర్థించడం వేరు, నిజం తేలేవరకు ఒక మనిషికి అండగా నిలవడం వేరు. ఇద్దరి మాటా వినకుండా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (ర) గారికి బోధించినది కూడా ఇదే.

ఈ సేవకు హద్దులున్నాయి. నమోదైన న్యాయవాది మాత్రమే కోర్టులో వాదించగలడు. విద్యార్థి ఆయన పర్యవేక్షణలోనే పనిచేయాలి. ఖైదీ చెప్పిన మాట బయటికి పొక్కకూడదు. కుటుంబానికి విడుదల గురించి భరోసా ఇవ్వకూడదు, వారినుండి ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఆసక్తి ఉన్నవారు కళాశాల న్యాయ సహాయ కేంద్రం ద్వారా కర్నూలులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. పారా లీగల్ వాలంటీరుగా చేరడం మరో మార్గం. సహాయం కావలసిన కుటుంబాలు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

కర్నూలు జిల్లా పెదపాడులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య న్యాయశాస్త్రం చదివి ముఖ్యమంత్రి అయ్యారు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం నేడు ఆయన పేరు ధరించింది. న్యాయవిద్య ఒక ఇంటిని నిలబెట్టగలదని ఈ నేల ఏనాడో చూసింది. అదే చదువు పొరుగింటిని కూడా నిలబెట్టగలదు. ఈ సెలవుల్లో మీ బిడ్డ జైలు ములాఖత్ గది దాకా వెళ్తానంటే అడ్డు చెప్పకండి. దుఆ చేసి పంపండి.