ఆగిపోయిన బండి - ఫారడే సూత్రం

"అందరికీ పనికొచ్చేది ఏదైనా రాయండి సార్" అని విద్యార్థి సంఘం వారు అడిగారు. నేను ఫిజిక్సు చెప్పుకుని బతికేవాణ్ణి. ఇంజన్ల సంగతి నిజానికి కాజీపేట దారిలోని ఎన్.ఐ.టి. వాళ్లు రాయాలి. అయినా మన తరగతుల్లో కూర్చునేవారిలో ఇంట్లో పికప్పు బండి ఉన్నవాళ్లు కొందరున్నారు. మిరప సీజనులో ఎనుమాముల మార్కెట్టుకు బస్తాలు మోసేది ఆ బండ్లే. కనుక వాటి ఇంజనులో వేలెడంత ఉండే ఒక వస్తువును గురించి రాస్తాను. దాని పేరు క్రాంకు సెన్సరు.

పాత డీజిలు లారీలో దీని అవసరమే లేదు. ఇంజను పళ్లచక్రాలే పంపును తిప్పేవి. ఏ సిలిండరులో ఎప్పుడు డీజిలు చిమ్మాలో ఆ పళ్ల అమరికలోనే ఉండేది. మేస్త్రీ ఒకసారి టైమింగు కట్టి బిగిస్తే అంతే సంగతి. తర్వాత కామన్ రైలు పద్ధతి వచ్చింది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో ఇది కార్లలోకి దిగింది. మన దేశమంతటా బి.ఎస్.-4 నిబంధనలు 2017 ఏప్రిల్ 1 నుంచి, బి.ఎస్.-6 2020 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాక, కొత్త డీజిలు పికప్పుకు కంప్యూటరు తప్పనిసరి సామానైంది. ఇందులో పంపు చేసే పని ఒక ఉక్కు గొట్టంలో డీజిలును విపరీతమైన ఒత్తిడితో నింపి ఉంచడం. ఇంజెక్టరు నోరు ఎప్పుడు తెరవాలో చెప్పేది కంప్యూటరు.

మరి లోపల పిస్టను ఎక్కడుందో కంప్యూటరుకు ఎట్లా తెలుస్తుంది? ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50 చుట్లు. అంటే క్రాంకు ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే కాలం సెకనులో 18,000వ వంతు. ఆ లెక్క చెప్పే కన్ను ఈ సెన్సరే.

లోపల ఏముందయ్యా అంటే, ఇంటర్మీడియెట్లో మనం చదువుకున్నదే. ఒక శాశ్వత అయస్కాంతం, ఒక ఇనుప కడ్డీ, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట. ఎదురుగా సుమారు ఒక మిల్లీమీటరు ఎడంతో పళ్ల చక్రం తిరుగుతుంటుంది. పన్ను ఎదురొస్తే అయస్కాంత అభివాహం పెరుగుతుంది, సందు వస్తే తగ్గుతుంది. ఆ మార్పుకు చుట్టలో వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే. చాలా ఇంజన్లలో చక్రం మీద 60 పళ్లకు చోటుండి, రెండు పళ్లు కావాలని తీసేసి 58 ఉంచుతారు. ఆ ఖాళీ దాటినప్పుడల్లా కంప్యూటరుకు చుట్టు మొదలు తెలుస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఒక వంతు పూర్తి కావాలంటే రెండు చుట్లు కావాలి గనుక, ఇది కంప్రెషనా ఎగ్జాస్టా అన్నది చెప్పడానికి క్యాము దగ్గర ఇంకో సెన్సరుంటుంది. దాని జోలికి ఇప్పుడు పోను.

చక్రం ఎంత నెమ్మదిగా తిరిగితే వోల్టేజి అంత తక్కువ. అందుచేతనే బ్యాటరీ నీరసించి సెల్ఫు నెమ్మదిగా తిప్పినప్పుడు కూడా సెన్సరు పోయినట్టే కనిపించవచ్చు. ముందు బ్యాటరీ చూడాలి.

గత ఎండాకాలం మా బావమరిది నర్సంపేట నుంచి మిరప లోడుతో వస్తూ గిర్నిబావి దగ్గర ఆగిపోయాడు. "బావా, బండి మళ్ల బందైంది. సల్లవడితె నడుస్తది, వేడైతె ఆగుతది" అని ఫోను. అంతకు ముందే ఒక షెడ్డులో చూపిస్తే "పంపు పోయింది, ఇంజెక్టర్లు గూడ సూడాలె" అన్నారట. పంపు, ఇంజెక్టర్లు మార్చాలంటే ఆ సీజను కిరాయిలన్నీ అక్కడే పోస్తాడు. సెన్సరు ఖరీదు అందులో ఏ మూలకూ రాదు.

చల్లబడితే నడవడం, వేడైతే ఆగడం, సెల్ఫు కొడుతుంటే ఆర్.పి.ఎం. ముల్లు సున్నా మీదే ఉండడం - ఈ మూడూ కలిస్తే ముందు అనుమానించవలసింది క్రాంకు సెన్సరును. స్కానరు పెడితే పి-0335 అన్న కోడు వచ్చింది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఆ కోడుకు అర్థం "సెన్సరు పోయింది" అని కాదు, "ఆ సర్క్యూటులో లోపముంది" అని మాత్రమే. తీగ ఎక్కడో ఒరుసుకుని తెగినా అదే కోడు వస్తుంది, కనెక్టరులో నీళ్లు చేరినా అదే.

ప్లగ్గు ఊడదీసి మీటరు పెట్టాం. ఈ రకం సెన్సర్లలో చాలావాటికి 20 డిగ్రీల దగ్గర 860 ఓముల దరిదాపు ఉంటుంది (బండి బండికీ తేడా ఉంటుంది, మాన్యువలు చూడాలి). రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది కనుక, 100 డిగ్రీల దగ్గర అదే సెన్సరు 1,100 పైచిలుకు చూపితే కంగారు పడనక్కర లేదు. మా బావమరిది బండిలో చల్లగా ఉన్నప్పుడు అంతా సవ్యం. వేడెక్కి ఆగిన వెంటనే చూస్తే మీటరు ఏమీ చూపలేదు. లోపల చిట్లిన తీగ వేడికి వ్యాకోచించి విడిపోతోంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటోంది. కంప్యూటరు దాకా పోయే తీగలు బాగానే ఉన్నాయి. ఇక సందేహం లేదు. ఒక మాట: కొన్ని బండ్లలో హాల్ రకం సెన్సరుంటుంది, మామూలుగా మూడు తీగలతో. దానికి ఓముల పరీక్ష పెట్టకూడదు.

మార్చడం కష్టం కాదు. ఇంజను చల్లారనిచ్చి, బండిని సమతలం మీద నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, బ్యాటరీ నెగెటివు తీసేయాలి. సెన్సరు కొన్నిటిలో ఫ్లైవీలు దగ్గర, కొన్నిటిలో ముందు పుల్లీ దగ్గర ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టి ముందే తుడవాలి, లేకుంటే రంధ్రంలో పడుతుంది. కనెక్టరు లాకు నొక్కి లాగాలి గాని తీగ పట్టి గుంజరాదు. సాధారణంగా ఒకే బోల్టు, చిన్న పానా చాలు. మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది. కొస అయస్కాంతం కదా, ఇనుప రజను పట్టి ఉంటుంది. కొంచెమైతే సరే, గుప్పెడుంటే లోపల ఏదో అరుగుతోందన్నమాట. కొత్తదాని నంబరు పాతదానితో సరిచూసి, ఓరింగుకు చుక్క నూనె రాసి, చేత్తో నొక్కాలి. సుత్తితో కొడితే కొత్తది కూడా పాతదే అవుతుంది. బోల్టు అతిగా బిగించొద్దు. తీగను సైలెన్సరు గొట్టానికీ ఫ్యాను బెల్టుకూ దూరంగా పాత క్లిప్పుల్లోనే పోనివ్వాలి. తర్వాత కోడు చెరిపేసి, బండి బాగా వేడెక్కేదాకా నడిపి చూడాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. బండి స్టార్టు కాకపోతే ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి గాలి తీయడం పాత లారీల మీద నేర్చిన అలవాటు. కామన్ రైలు బండికి అది ప్రాణాంతకం. అందులో ఒత్తిడి 1,600 బార్ల దాకా ఉండవచ్చు, అంటే వాతావరణ పీడనానికి 1,600 రెట్లు. ఇంజను ఆపాక కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. వెంట్రుకంత చీలికలోంచి వచ్చే డీజిలు ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనబడుతుంది, నొప్పి కూడా వెంటనే ఉండకపోవచ్చు. అయినా ఆ క్షణమే పెద్దాసుపత్రికి పోయి, డీజిలు లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యి పోతుంది. మీ ఇంట్లో బండి నడిపేవాళ్లకు ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదివి వినిపించాలనుకుంటే ఇది వినిపించండి.

తీసేసిన సెన్సరును నేను లేబరేటరీకి తెచ్చాను. చల్లగా ఉంటే దాని తీగ అతుక్కునే ఉంటుంది కదా. రెండు కొసలకూ సున్నితమైన గాల్వనామీటరు తగిలించి, ఎదురుగా పానాను చకచకా అటూ ఇటూ ఊపితే ముల్లు కదులుతుంది. చూడాలనుకునేవారు ప్రాక్టికల్సు వేళకు రావచ్చు.