ప్లాస్టిక్ సిపాయి పుట్టుమచ్చలు

పాత ప్లాస్టిక్ సిపాయి బొమ్మ చేతికొస్తే మొహం తర్వాత చూడొచ్చు, ముందు తిరగేసి పీట అడుగు చూడండి. అక్కడ బఠాణీ గింజలో సగం కూడా లేని గుండ్రటి మచ్చలు ఒకటో రెండో ఉంటాయి. పీట అంచున ఒకచోట గోటికి గరుకుగా తగిలే చిన్న మొన ఉంటుంది. ఇప్పుడు బొమ్మను వెలుతురులో పక్కకు తిప్పితే, టోపీ నడినెత్తి నుంచి చెవి వెనకగా, భుజం మీదుగా, మోచేతి అంచున, ప్యాంటు కుట్టు వెంట దిగి పీటలో కలిసిపోయే సన్నటి గీత కనిపిస్తుంది. బొమ్మ చెక్కిన శిల్పికి వీటితో సంబంధం లేదు. ఇవన్నీ మర పెట్టిన గుర్తులు. రెండు సగాలుగా ఉండే ఉక్కు డై మూసుకున్నప్పుడు అంచులు కలిసిన చోట గీత పడుతుంది. చల్లారిన బొమ్మను బయటికి తోసే పిన్నులు తగిలిన చోట మచ్చలు పడతాయి. కరిగిన ప్లాస్టిక్ లోపలికి దూరిన సందు దగ్గర మిగిలిన తొడిమను తుంచేస్తే మొన మిగులుతుంది.

పదో తరగతి సర్టిఫికెట్లో కుడిచెంప మీద ఒకటి, ఎడమ మోచేతి కింద ఒకటి అని పుట్టుమచ్చలు రాయించుకుంటాం కదా, పాత బొమ్మలు సేకరించేవాళ్లు కూడా ఇలాగే ఈ మచ్చలు రాసి పెట్టుకుంటారు. ఒకే భంగిమలో ఉన్న రెండు బొమ్మలను రెండు వేర్వేరు డైలలో పోశారా, ఒకే డైలోనా అన్నది తేల్చేది ఇవే. బొమ్మ ఎవరిదో చెప్పాలంటే దాన్ని పోసిన మర ఎలా పనిచేసిందో తెలిసి ఉండాలి.

ఆ మర ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషీన్. అది పుట్టడానికి బొమ్మలతో పనిలేదు, బిలియర్డ్స్ బంతులు కారణం. 1860ల్లో అమెరికాలో ఆ ఆట జోరు మీదుంది, బంతులేమో ఏనుగు దంతంతో చేయాలి. దంతానికి బదులు పనికొచ్చే సరుకు చూపించినవాళ్లకు పది వేల డాలర్లు ఇస్తామని న్యూయార్క్ వ్యాపారులు ప్రకటించారు. ఆల్బనీలో ప్రింటింగు పని చేసుకునే జాన్ వెస్లీ హయత్ దాని వెంట పడ్డాడు. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి, వేడి చేసి, గట్టిగా ఒత్తితే సెల్యులాయిడ్ తయారైంది. నైట్రోసెల్యులోజ్ అంటే తుపాకి మందుకు దగ్గరి చుట్టమే. కొలరాడోలో ఒక సారా కొట్టు యజమాని హయత్‌కు ఉత్తరం రాశాడట: బంతులు గట్టిగా ఢీకొన్నప్పుడు అప్పుడప్పుడు చిన్న పేలుడు వినిపిస్తోంది, నాకైతే ఇబ్బంది లేదు గానీ ఆ చప్పుడుకి గదిలో ఉన్నవాళ్లంతా తుపాకులు తీస్తున్నారు అని. ఈ ముచ్చట హయత్ తనే చెప్పుకున్నాడు.

1872లో హయత్, అతని సోదరుడు ఐజయా కలిసి ఒక మరకు పేటెంటు తీసుకున్నారు. వేడి సిలిండర్లో సెల్యులాయిడ్ మెత్తబడుతుంది, వెనక నుంచి ముషలకం తోస్తుంది, ముందున్న సన్నటి మూతి గుండా అది బయటికొస్తుంది. ఇప్పటి మెషీన్లకు ఇదే మూలపురుషుడు. కానీ సెల్యులాయిడ్‌కు మెత్తబడే వేడికీ అంటుకునే వేడికీ మధ్య జాగా చాలా తక్కువ. అందుకే మర ఉన్నా చాలా కాలం దాని సత్తా తెలియలేదు. అంత తేలిగ్గా అంటుకోని ప్లాస్టిక్ దొరికాకే దానికి దశ తిరిగింది. జర్మనీలో ఆర్థర్ ఐషెన్‌గ్రూన్ అనే రసాయన శాస్త్రవేత్త సెల్యులోజ్ ఎసిటేట్‌ను వాడకంలోకి తెచ్చి, 1919 ప్రాంతంలో దాన్ని ఇంజెక్షన్ పద్ధతిలో పోసి చూపించాడు. ఆస్పిరిన్ వెనక ఉన్నది తన పనేనని కూడా చివరి రోజుల్లో వాదించాడు. యూదుడు కావడంతో 1944లో నాజీలు ఆయన్ని తెరెజిన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పంపారు. బతికి బయటపడ్డాడు. ఈ కథలో ఇంకాస్త పేరు రావాల్సిన మనిషి ఆయనేనని నాకనిపిస్తుంది.

ముషలకం మెషీన్‌కు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. ప్లాస్టిక్‌లోంచి వేడి సరిగా పారదు. సిలిండర్ గోడకు ఆనుకున్న గింజలు కరిగి మాడే స్థితికి వచ్చినా, నడిమధ్య గింజలు ఇంకా గట్టిగానే ఉంటాయి. మధ్యలో ఒక లోహపు దిమ్మె పెట్టి, ప్లాస్టిక్ దాని చుట్టూ పలచగా పారేట్టు చేశారు. కొంత నయమైంది గానీ రంగు కలవడం మాత్రం అంతంత మాత్రమే. 1946లో అమెరికన్ జేమ్స్ వాట్సన్ హెండ్రీ ముషలకం తీసి మరమేకు లాంటి స్క్రూ పెట్టాడు. అది తిరుగుతూ గింజలను నలిపి, ఆ రాపిడితోనే వేడి పుట్టించి, రంగును సమంగా కలిపి ముందుకు తోస్తుంది. బొమ్మ మీద రంగు పాలరాతి చారల్లా మెలికలు తిరిగి ఉంటే, అది బహుశా స్క్రూ లేని మెషీన్లో పోసింది. అలాగని చారలు చూసి వయసు చెప్పేయకూడదు. మన దేశంలో చిన్న షెడ్లలో చేత్తో పిడి లాగి నడిపే మౌల్డింగ్ మెషీన్లు ఆ పాత పద్ధతివే. వాటిలో నిన్న పోసిన బొమ్మకూ చారలుండొచ్చు.

ఇక బొమ్మల సంగతి. అంతకు ముందు సిపాయి బొమ్మలంటే సీసమే. 1893లో ఇంగ్లండ్‌లో విలియం బ్రిటన్ కంపెనీ లోపల డొల్లగా పోసే పద్ధతి తెచ్చి ధర దించింది, 54 మిల్లీమీటర్ల సిపాయి కొలత ఆ కంపెనీ వల్లే స్థిరపడింది. అమెరికాలో మొదటి ప్లాస్టిక్ సిపాయిలు 1938లో వచ్చాయి, చేసింది న్యూజెర్సీకి చెందిన బెర్జెన్ కంపెనీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సీసం తుపాకి గుళ్లకు పోయింది. యుద్ధం ముగిశాక మెషీన్లూ మిగిలాయి, కొత్త ప్లాస్టిక్కులూ మిగిలాయి. 1933లో బ్రిటన్‌లోని ఐసీఐ అనే రసాయన కంపెనీ ప్రయోగశాలలో పాత్ర అడుగున తెల్లటి మైనంలా మిగిలిన పాలిథీన్, యుద్ధంలో రాడార్ తీగలకు తొడుగైంది. ఆ తర్వాత అదే మెత్తటి సిపాయి అయింది.

ఈ పనిలోకి దిగినవాళ్లంతా బొమ్మల కలలు కన్నవాళ్లేమీ కాదు. ఎయిర్‌ఫిక్స్ స్థాపించిన హంగరీ శరణార్థి నికొలాస్ కోవ్ 1947లో తన మెషీన్ మీద దువ్వెనలు పోశాడు. 1949లో ఒక ట్రాక్టర్ కంపెనీ సేల్స్‌మెన్లకు నమూనా బొమ్మ కావాలంటే చేసిచ్చాడు, దారి అటు మళ్లింది. 1959 నుంచి ఎయిర్‌ఫిక్స్ చిటికెనవేలి కణుపంత సిపాయిలను పెట్టెల్లో అమ్మింది. డెన్మార్క్‌లో కొయ్యబొమ్మలు చేసే వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ 1946లో ముప్పయి వేల క్రోనర్లు పోసి ఇంజెక్షన్ మెషీన్ కొంటే ఇంట్లోవాళ్లకే నచ్చలేదు. ఆయన కంపెనీయే లెగో. అమెరికాలో లూయిస్ మార్క్స్ కోటలు, గుర్రాలు, రెడ్ ఇండియన్లు, సైనికులను పెట్టెల కొద్దీ నింపి, 1955లో టైమ్ పత్రిక ముఖచిత్రమెక్కాడు.

సిపాయిలంతా పక్కకు తిరిగి, చేతులూ కాళ్లూ ఒకే తలంలో చాపి, తుపాకి ఒంటికి అడ్డంగా పట్టుకుని ఉంటారెందుకో గమనించారా? డై రెండు సగాలు ఎదురెదురుగా తెరుచుకోవాలి. తుపాకిని మన వైపు గురిపెట్టిన సిపాయిని పోస్తే, తుపాకికీ ఛాతీకీ మధ్య ఉక్కు ఇరుక్కుని బొమ్మ బయటికి రాదు. శిల్పి ఎంత గొప్పవాడైనా మర ఒప్పుకున్న భంగిమే చెక్కాలి. మెత్తటి పాలిథీన్ కాస్త వంగుతుంది కాబట్టి చిన్న చిన్న చిక్కుల్లోంచి ఊడి వస్తుంది, గట్టి పాలిస్టైరీన్ విరుగుతుంది. ఒకే కంపెనీ గట్టి బొమ్మల కన్నా మెత్తటి బొమ్మల్లో భంగిమలు కాస్త ధైర్యంగా కనిపిస్తే కారణం అదే కావచ్చు.

పదార్థం ఏదో తేల్చడానికి లేబొరేటరీ అక్కర్లేదు. రంగు వేయని బొమ్మయితే గ్లాసు నీళ్లలో వదలండి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పాలిస్టైరీన్ మునుగుతుంది, కానీ నీళ్లలో ఉప్పు కరిగినంత కరిగిస్తే పైకి లేస్తుంది. పీవీసీ, సెల్యులోజ్ ఎసిటేట్ సాధారణంగా ఉప్పునీళ్లలోనూ అడుగునే ఉంటాయి. లోపల గాలి బుడగ ఉంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. బల్ల మీద వేస్తే పాలిస్టైరీన్ టంగుమంటుంది, పాలిథీన్ బొమ్మకు చప్పుడే ఉండదు. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఎసిటేట్ విడిపోతోందని అర్థం. వేడి సూదితో గుచ్చి వాసన చూడమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. అది సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది.

పాలిథీన్ మీద రంగు నిలవదు, దాని ఉపరితలం దేన్నీ పట్టుకోదు. 1950ల్లో హెరాల్డ్ అనే బ్రాండు పేరుతో రాయ్ సెల్విన్-స్మిత్ చెక్కిన అందమైన బొమ్మలు కూడా పిల్లల చేతుల్లో పెచ్చులూడాయి. టింపో అనే ఇంగ్లిషు కంపెనీ దీనికి మంచి ఉపాయం పట్టింది. ఒక రంగు భాగం పోశాక, దాన్నే మరో డైలో పెట్టి పక్కన ఇంకో రంగు పోయడం. అలా చొక్కా, ప్యాంటు, బెల్టు అన్నీ వేర్వేరు ప్లాస్టిక్కులే, కుంచె ముట్టుకోవాల్సిన పనిలేదు. నాకు మాత్రం అసలు రంగే వేయని ఒంటిరంగు పచ్చ సిపాయిలే నచ్చుతాయి.

అసలు మజా నకళ్ల దగ్గర ఉంది. 1960ల్లో హాంకాంగ్ వర్క్‌షాపులు ఇంగ్లండ్, అమెరికా బొమ్మలను విచ్చలవిడిగా కాపీ చేశాయి. కొత్త శిల్పాన్ని చెక్కించడం ఎందుకు, అసలు బొమ్మనే నమూనాగా పెట్టి డై చేయిస్తే పోలా! ఇక్కడే భౌతికశాస్త్రం దొంగను పట్టిచ్చింది. వేడిగా పోసిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అసలు కంపెనీ ఆ లెక్క ముందే వేసి డైని కాస్త పెద్దదిగా కోయిస్తుంది. కాపీ కొట్టినవాడు ఆ లెక్క వేయలేదనుకోండి, పాలిథీన్ నూటికి రెండు పాళ్లు ముడుచుకుంటే 54 మిల్లీమీటర్ల సిపాయి నకలు 53కి దిగుతుంది. ఆ నకలుకు మళ్లీ నకలు తీస్తే 52. మొహం మీద ముక్కూ కళ్లూ కూడా తరానికింత చొప్పున మొద్దుబారతాయి. ఒక కేలిపర్ ఉంటే ఏది తండ్రో ఏది మనవడో చెప్పేయొచ్చు. పీట అడుగున అసలు కంపెనీ పేరును గీకేసిన గరుకు జాగా కూడా కొన్నిటికి ఉంటుంది.

ఆ హాంకాంగ్ సరుకును తీసిపారేయడానికీ లేదు. 1970ల మొదట్లో గ్యారీ గైగాక్స్ అనే అమెరికన్ చవక దుకాణంలో ‘చరిత్రపూర్వ జంతువులు’ అని అమ్మిన హాంకాంగ్ ప్లాస్టిక్ సంచి కొన్నాడు. అందులో ఏ డైనోసారూ పోలని వింత జీవులున్నాయి. తర్వాత ప్రపంచమంతా ఆడిన డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఇనుము తుప్పు పట్టించే రాక్షసి, గుడ్లగూబ తల ఎలుగు ఆ సంచిలోంచి వచ్చినవే.

మన దగ్గర ఈ పిచ్చి ఉన్నవాళ్లకు బినాకా పేరు చెబితే చాలు. రేడియో సిలోన్‌లో 1952 నుంచి గీత్‌మాలా పాటల కార్యక్రమం వినిపించిన ఆ టూత్‌పేస్టు పెట్టెలో చిన్న ప్లాస్టిక్ జంతువు వచ్చేది. పేస్టు అయిపోకుండానే కొత్త పెట్టె తెమ్మని ఇళ్లల్లో గొడవ. అలాంటి బుల్లి జంతువులు పాశ్చాత్య దేశాల సీరియల్ డబ్బాల్లోనూ వచ్చాయి కాబట్టి, ఇప్పుడు ఎవరైనా ‘బినాకాదే’ అని అమ్మజూపితే మాట నమ్మేసి డబ్బులివ్వడం తొందరపాటు. తొడిమ ఎక్కడ తుంచారు, పిన్ను మచ్చ ఎక్కడుంది, నీళ్లలో తేలిందా అన్నవి ఖాయంగా ఆ పెట్టెలోంచే వచ్చిన బొమ్మతో పోల్చి చూడాలి.

కంపెనీ చచ్చినా డై చావదు. మార్క్స్ తన వ్యాపారాన్ని 1972లో అమ్మేశాడు, కొత్త యజమానుల చేతుల్లో అది 1980కల్లా మూతపడింది. ఉక్కు డైలలో కొన్ని మెక్సికో చేరి, అక్కడ మళ్లీ పోత మొదలైంది. అంటే బొమ్మ అసలు డైలోంచే వచ్చింది, కానీ పాతది కాదు! మార్క్స్ పెద్ద సైనికుల మీద రోమన్ అంకెల్లో 1963 అని ఉంటుంది. ఆ ఏడు డై రూపానిది, పోతది కాదు. వాడి వాడి అంచులు అరిగిన డైలో సగాలు గట్టిగా మూసుకోక, గీత వెంట సన్నటి ప్లాస్టిక్ పొర పొడుచుకొస్తుంది. రంగు కూడా పాత పచ్చకు సరిగ్గా కుదరదు.

పాత పోతే నిజంగా దొరికినా దాన్ని నిలుపుకోవడం ఇంకో యుద్ధం. వెలుతురు, గాలి తగిలి పాలిథీన్ పెళుసెక్కుతుంది, ఎత్తగానే తుపాకి చేతిలోనే ఉండిపోతుంది. విరిగింది అతకదు, రంగును పట్టని గుణమే జిగురునూ పట్టనివ్వదు. పీవీసీని మెత్తగా ఉంచే నూనె ఏళ్ల తరబడి పైకి చెమ్మగిల్లి, పక్కనున్న పాలిస్టైరీన్‌ను కరిగించి గుంటలు చేస్తుంది. కాబట్టి ఈ రెండింటినీ ఒకే డబ్బాలో వేయకండి. ఎసిటేట్ వదిలే ఆమ్లం మిగతావాటిని కూడా పాడు చేస్తుంది, దానికి గాలాడే అట్టపెట్టె వేరేగా కావాలి. సెల్యులాయిడ్ బొమ్మ ఒక్కటి ఉన్నా సరే, దేవుడి గదికీ వంటింటికీ దూరంగా పెట్టండి.